పెనం దగ్గర నేను, మైకు దగ్గర ఎల్వీరమ్మ

సెప్టెంబరు చివరి శనివారం పొద్దున ఆరు ఇరవైకి మా అమ్మాయి అనిత నన్ను ఫ్రీమాంట్ స్టేషన్ ముందు దించింది. కారు దిగేలోపు ఒకే మాట మూడుసార్లు అడిగింది.

"ట్రైన్ మారేకాడ తప్పిపోతే ఎట్ల మా? లొకేషన్ ఆన్‌లో పెట్టుకో. ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దు."

"ఎల్వీరమ్మ ఉండాది కదే తోడు."

"ఆమెకూ నీకూ కలిపి వచ్చే ఇంగ్లీషు ఎంతని?"

అది నిజమే. మా ఇద్దరి మధ్య నడిచేది ఇంగ్లీషే గానీ, ఇంగ్లీషు వచ్చినవాళ్ళెవరికీ అది అర్థం కాదు. మాకు మాత్రం ఇంతవరకు ఏ ఇబ్బందీ కలగలేదు.

ప్రయాణం ఎందుకో ముందు చెబుతాను. మాది ఆదోని పక్కన పల్లె. ఫ్రీమాంట్ వచ్చి పదకొండేళ్ళయింది. ఇక్కడి తెలుగు ఇళ్ళకి మంగళవారం, శుక్రవారం జొన్నరొట్టెలు చేసి ఇస్తాను. చిన్నప్పుడు బడికి పోలేదు. యాభై ఎనిమిదో ఏట మా మనవరాలు నిత్యని ఆదివారం తెలుగు క్లాసులో దింపడానికి వెళ్ళి, బయట చలిగా ఉందని వెనక బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలతో పాటు అ ఆలు వచ్చేశాయి. ఆదోనిలో దొరకని తెలుగు నాకు కాలిఫోర్నియాలో దొరికింది. పిల్లలు చాలామంది మధ్యలో మానేశారు. నేను మానలేదు, ఎందుకంటే నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు.

తర్వాత ఇంగ్లీషు కోసం పెద్దల బడిలో చేరాను. అక్కడ నా పక్క బెంచీ మనిషి ఎల్వీరా. మెక్సికోలో కొండల మీద ఒక పల్లె ఆమెది. ఇరవై ఏళ్ళప్పుడు అక్క వెంట ఈ రాష్ట్రం నడిమి లోయకి వచ్చి, టమాటాలు పెట్టెల్లో సర్దే షెడ్డులో పనిచేసింది. ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఒక హోటల్‌లో దుప్పట్లు ఉతికి మడతపెడుతుంది. నన్ను 'కొమాద్రె' అంటుంది. పిల్లలకి పేరుపెట్టే వేడుకలో కుదిరే వరసట, మన వదినె లాంటిది. నేను పేరు చివర అమ్మ తగిలించి ఎల్వీరమ్మ అంటాను. ఆమె అదృష్టం చూడండి, ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంటే ఆమె స్పానిష్ కూడా వాటితోనే వచ్చేసింది. నేను మాత్రం గుణింతాలూ వత్తులూ ఒక భుజాన, ఈ ఇరవై ఆరూ ఇంకో భుజాన మోస్తున్నాను.

ఎల్వీరమ్మ బడిలో ఇంటిపనిగా ఒక పేజీ రాసింది. మా టీచరు దాన్ని ఆ లోయలో ఒక చిన్న ఊరికి పంపింది. ఆ ఊళ్ళో ఏటా హిస్పానిక్ వారసత్వ మాసం అని, స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చినవాళ్ళ పండగ ఒకటి చేస్తారు. వాళ్ళ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. శనివారం పన్నెండున్నరకి, వేదిక మీద, ఐదు నిమిషాలు చదవాలి. ఎల్వీరమ్మ ఆ జవాబు కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించింది.

ఆ ఊరే ఎందుకంటే, అక్కడ ఆమె అక్క ఓఫేలియా ఉంది. ముప్పై ఏళ్ళు చెల్లెలి తరఫున ప్రతి కాగితమూ ఓఫేలియానే చదివింది. జీతం చీటీ, డాక్టరు చీటీ, చివరికి మొగుడు రాసిన ఉత్తరం కూడా. ఆ ఉత్తరాన్ని షెడ్డులో అన్నాల వేళ అందరూ వినేలా గట్టిగా చదివింది. చదవడం నేర్చుకున్నానని చెల్లెలు ఫోన్‌లో చెబితే, "నువ్వా?" అని ఒక్క మాట అని, ఎండల గురించి మాట్లాడిందట. ఎల్వీరమ్మకి ఆ ఊరివాళ్ళ చప్పట్లు అక్కర్లేదు. ముందు వరసలో అక్క కూర్చుని వినాలి. అంతే.

ఆరున్నర రైలు ఖాళీగా ఉంది. పెద్దవాళ్ళ కార్డు చేయించుకుంటే టికెట్టు సగం కంటే తక్కువే పడుతుంది, చేయించుకోండి. ఎల్వీరమ్మ నీలం గౌను వేసుకుని, ఒళ్ళో ఆ తొడుగు కాగితం పెట్టుకుని కూర్చుంది. నేను కుట్టుపని ఉన్న పొడుగు గౌను, పైన ఒక కండువా. చీర కడతానంటే అనిత వద్దంది. రైలు మెట్ల దగ్గర కుచ్చెళ్ళు తట్టుకుంటాయట.

ఏడూ ముప్పై అయిదుకి రిచ్‌మండ్‌లో దిగాం. అక్కడే మెట్లు దిగి ఇంకో ప్లాట్‌ఫారం ఎక్కితే లోయకి పోయే పెద్ద రైలు వస్తుంది. ఎనిమిదీ పావుకి వచ్చింది. టికెట్టు ముప్పై చిల్లర డాలర్లు. ఎడమవైపు కూర్చోండి, గంటసేపు నీళ్ళు కనిపిస్తాయి. స్వెటరు మర్చిపోవద్దు. బయట ఎంత ఎండ కాస్తే లోపల అంత చలి పెడతారు.

తొమ్మిదికి పొట్లాలు విప్పాం. నావి జొన్నరొట్టెలు, ఎర్రకారం. ఆమెది మైదా రొట్టెలో చుట్టిన చిక్కుడు గింజల కూర. మార్చుకుని తిన్నాం. మా ఎర్రకారం తిన్న ఫ్రీమాంట్ తెలుగువాళ్ళు నీళ్ళ సీసా వెతుక్కుంటారు. ఎల్వీరమ్మ వేలితో నాకి, "కొంచెం తీపిగా ఉంది" అంది.

ఎదురు సీటులో తలపాగా కట్టిన పంజాబీ పెద్దాయన మమ్మల్ని చూస్తూ ఉన్నాడు. పీచ్ తోటలున్నాయట. ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"ఆ పండగకి మేమూ డబ్బిచ్చాం. బ్యానరు మీద మా పేరు ఐదోది" అన్నాడు. "మీరు హిస్పానిక్ కాదు కదా?"

"కాదు. ఈమె."

ఎల్వీరమ్మ నవ్వింది. "నేను కూడా మొన్న మొన్నటిదాకా కాదు" అంది. ఆమె చెప్పేదేమిటంటే, ఊళ్ళో ఉన్నప్పుడు ఆమె ఫలానా పల్లె మనిషి. సరిహద్దు దాటాక మెక్సికన్ అయింది. చదవడం నేర్చుకుని ఒక ఫారం నింపబోతే, అందులో హిస్పానిక్ అని గడి కనిపించింది. నాకూ అంతే. ఆదోని నుంచి బయల్దేరినప్పుడు నేను ఏషియన్ అని నాకు ఎవరూ చెప్పలేదు. పంజాబీ ఆయన తన గడి గురించి చెప్పబోయి, మోడెస్టో దాటాక నిద్రపోయాడు.

మిగతా దారి అంతా ఎల్వీరమ్మ తన పేజీ చదువుకుంది. నాకు స్పానిష్ రాదు. అయినా ఆ పేజీ మా బెంచీ మీద నెలరోజులు విన్నాను కాబట్టి, ఎక్కడ ఆగుతుందో, ఏ మాట దగ్గర తడబడుతుందో నాకు తెలుసు. విషయం చిన్నదే. తొమ్మిదేళ్ళు ఆమె ఒకే బస్సులో పనికి వెళ్ళింది. ముందు సీట్ల పైన ఒక కాగితం అంటించి ఉండేది. అది ఏ జరిమానా గురించో అనుకుని, దానికి దూరంగా నిలబడేది. చదవడం వచ్చాక ఒకరోజు చూస్తే, ఈ సీట్లు పెద్దవాళ్ళకి వదలండి అని ఉంది. 'నన్ను కూర్చోమని చెప్పే కాగితం కింద తొమ్మిదేళ్ళు నిలబడ్డాను' అన్నది ఆ పేజీలో చివరి వాక్యం. దాని ముందున్న ఒక పొడుగాటి మాట దగ్గర ఎప్పుడూ ఇరుక్కుంటుంది.

పదీ నలభై అయిదుకి మెర్సెడ్‌లో దిగాం. ఓఫేలియా కారులో వస్తానంది. రాలేదు. ఫోన్ చేసి, "కారు మెకానిక్ దగ్గర ఉంది, బస్సెక్కండి" అంది. బస్సు పదకొండూ పదికి. రెండువైపులా బాదం తోటలు. చెట్లని యంత్రాలతో కుదిపి కాయలు రాలుస్తున్నారు, దారంతా ఎర్రదుమ్ము. ఆ ఊరి పేరు రాయను. వాళ్ళు మంచివాళ్ళే, మాకు నీళ్ళ సీసాలు ఊరికే ఇచ్చారు.

పదకొండూ నలభైకి పార్కు దగ్గర దిగాం. కాగితపు తోరణాలు, బ్యానర్లు, పిల్లల నాట్యం, పెద్ద పెద్ద స్పీకర్లు. బ్యానరు మీద పంజాబీ ఆయన పేరు నిజంగానే ఐదోది. గేటు దగ్గర డెనీస్ అనే ఆమె అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు పట్టుకుని పరుగులు పెడుతోంది. పువ్వులు కుట్టిన జాకెట్టు వేసుకుంది, ప్యాకెట్టు మడతలు ఇంకా పోలేదు. ఎల్వీరమ్మ తొడుగు కాగితం చూపించింది.

"ఓ, ఎల్వీరా, దేవుడు పంపినట్టు వచ్చారు" అంది డెనీస్. "రొట్టెలు చేసే ఆవిడకి జ్వరమట, రాలేదు. మీరు కాసేపు ఆ టెంటులో కూర్చోగలరా? పన్నెండున్నర దాకానే."

చదువు రానివాళ్ళకి ఒక అలవాటుంటుంది. చేతిలో కాగితాలున్న మనిషి ఏం చెప్పినా తలూపుతాం. చదువు వచ్చాక కూడా ఆ మెడ అంత త్వరగా మాట వినదు. ఎల్వీరమ్మ తలూపింది. నేనూ పక్కనే నిలబడి తలూపాను. నన్ను ఎవరూ అడగలేదు.

టెంటు మీద బోర్డు ఉంది. నేనే చదివాను. 'మా అమ్మమ్మల చేతి రొట్టెలు. జీవించే వారసత్వం.' కింద గ్యాసు పొయ్యి, పెద్ద పెనం, సున్నపు నీళ్ళలో ఉడికించిన మొక్కజొన్నల పిండి బస్తా. అప్పటికే ఇరవై మంది వరసలో ఉన్నారు, ఫోన్లు పైకెత్తి.

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఎల్వీరమ్మకి చేతి రొట్టె రాదు. ఎప్పుడో అమ్మ దగ్గర చేసింది. షెడ్డులో రోజుకి పన్నెండు గంటలు టమాటాలు సర్దేవాళ్ళు రొట్టెలు తట్టుకుంటూ కూర్చోరు, ప్యాకెట్టు కొనుక్కుంటారు. మొదటిది చేతుల మధ్య తట్టబోతే రెండు ముక్కలైంది. రెండోది పెనానికి అంటుకుంది. మూడోది మెక్సికో మ్యాపులా వచ్చిందని వరసలో ఒకాయన అన్నాడు.

"కొమాద్రె, ఇది నా వల్ల కాదు" అంది, వేదిక వైపు చూస్తూ. ఆమె బెంగ రొట్టెల గురించి కాదు. టైము పన్నెండూ పది.

"లెయ్యి పక్కకి" అన్నాను. ఇది తెలుగులోనే అన్నాను. అర్థమైంది ఆమెకి.

వారానికి రెండు వందల రొట్టెలు చేసే మనిషికి పిండి ముట్టుకుంటే చాలు. జొన్నపిండికీ దీనికీ బంధుత్వం ఉంది, రెండూ సాగవు, రెండింటినీ బతిమాలాలి. మరిగే నీళ్ళు పోసి కలిపాను. చెక్క పలక మీద పొడిపిండి చల్లి, అరచేత్తో తిప్పుతూ తట్టాను. వాళ్ళ రొట్టె అరచేతంత ఉండాలని నాకు ఎవరూ చెప్పలేదు. పళ్ళెమంత చేశాను. పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడిచి తిప్పేసరికి అది పూరీలా పొంగింది. వరసలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు.

ఆ తర్వాత గంటసేపు నేను తల ఎత్తలేదు. ఒకామె కళ్ళు తుడుచుకుంటూ, అచ్చం మా అమ్మమ్మ చేసినట్టే ఉందంది. వాళ్ళ అమ్మమ్మ ఎట్లా చేసేదో నాకు తెలియదు గనక కాదనలేదు. తెల్లటోపీ పెట్టిన ఒక ముసలాయన మూడు రొట్టెలు తిని, మీది ఏ ప్రాంతమని అడిగాడు.

"ఆదోని" అన్నాను.

ఆయన గంభీరంగా తలూపాడు. "అటువైపు నేను ఎప్పుడూ పోలేదు" అన్నాడు. "అక్కడివాళ్ళు ఇంకా పాత పద్ధతి వదల్లేదన్నమాట."

"వదల్లేదు" అన్నాను.

పన్నెండున్నరకి ఎల్వీరమ్మ వేదిక దగ్గరికి వెళ్ళింది. పది నిమిషాలకి తిరిగొచ్చింది. "ముందు కౌన్సిల్ ఆయన మాట్లాడతాడట" అంది. నాలుగు రొట్టెలు కాల్చాక మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది. "స్పాన్సర్లకి థ్యాంక్స్ చెప్పాలట." స్పీకర్లలో పేర్లు వినిపిస్తున్నాయి. మన తెలుగు సభల్లో శాలువాలు కప్పే వరస మొదలైతే సభ ఏ గంటకి ముగుస్తుందో చెప్పలేం. ఇక్కడ శాలువాల బదులు పేర్లు చెక్కిన పలకలిస్తున్నారు. నాకు పరాయి ఊళ్ళో ఉన్నట్టే లేదు.

ఈలోపు ఓఫేలియా వచ్చింది. పక్కింటి ఆమె చేయి పట్టుకుని వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా ఉంది, నల్ల కళ్ళద్దాలు. నేను చేతికందే దూరంలో ఉండి నమస్కారం పెట్టినా పలకలేదు. మనిషికి గర్వం ఉందని అనుకున్నాను. చెల్లెలి నీలం గౌను తడిమి, "నువ్వేనా? ఇంకా చదవలేదా?" అంది ఇంగ్లీషులో, నాకు కూడా అర్థం కావాలని కాబోలు. "పోనీలే. ఎలాగూ బట్టీ పట్టి ఉంటావు. చిన్నప్పుడు ప్రార్థనలన్నీ ఇలాగే అప్పజెప్పేదానివి, పుస్తకం తలకిందులుగా పట్టుకుని."

ఎల్వీరమ్మ తొడుగు కాగితం గుండెకి ఆనించుకుంది.

ఒంటిగంటా పదికి డెనీస్ వచ్చింది. నిజంగా బాధపడుతూనే చెప్పింది. "ఎల్వీరా, సారీ. రాఫిల్ చీటీలు తీసి బహుమతులివ్వాలి, రెండింటికి బ్యాండు ఎక్కుతుంది. మీ పేజీ మా వెబ్‌సైట్‌లో పెడతాం, ప్రామిస్. అందరూ చదువుతారు." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు మాత్రం ఆపొద్దు ప్లీజ్. ఇవాళ మొత్తానికి మీ టెంటే హిట్."

ఎల్వీరమ్మ మెడ మెల్లగా కిందికీ పైకీ కదలడం మొదలైంది. అది చూశాక నాకు ఏమైందో తెలియదు. పొయ్యి ఆపేశాను. చేతులు కడుక్కుని, కండువాకి తుడుచుకుని, స్టూలు మీద కూర్చున్నాను.

వరసలో అరవై మంది ఉన్నారు. వాళ్ళలో ఖాళీ పళ్ళెం పట్టుకుని కౌన్సిల్ ఆయన భార్య కూడా ఉంది.

"గ్యాస్ అయిపోయిందా?" అని డెనీస్ అడిగింది.

"గ్యాసుంది. ఆమె చదవాలి" అన్నాను. "ఆమె చదివితే నేను చేస్తాను. చదవకపోతే లేదు." నా ఇంగ్లీషులో ఇది నాలుగు ముక్కలే, కానీ ఆ రోజు మొదటిసారి అందరికీ అర్థమైంది.

తెల్లటోపీ ముసలాయన స్పానిష్‌లో వెనక్కి తిరిగి ఏదో చెప్పాడు. వరస వరసంతా ఒకరి నుంచి ఒకరికి ఆ మాట పాకింది. కౌన్సిల్ ఆయన భార్య పళ్ళెం కింద పెట్టి, "డెనీస్, రాఫిల్ తర్వాత పెట్టుకోవచ్చు కదా" అంది.

డెనీస్ తన అట్ట వైపు చూసుకుంది. "మా అమ్మమ్మ నాకు స్పానిష్ నేర్పనే లేదు" అంది, ఎవరితోనో తెలియకుండా. "బడిలో ఏడిపిస్తారని." ఒక గీత కొట్టింది. "మూడు నిమిషాలు. రండి."

బేరం కుదిరింది కాబట్టి నేను పొయ్యి వెలిగించక తప్పలేదు. అందువల్ల ఇంత దూరం వచ్చి, ఎల్వీరమ్మని వేదిక మీద చూడలేకపోయాను. టెంటు గుడ్డ అడ్డం. స్పీకరు మాత్రం వినిపిస్తోంది. ఆమె గొంతు మొదట మైకు వెనకాల దాక్కున్నట్టు వచ్చింది. తర్వాత బస్సు వచ్చింది, తొమ్మిదేళ్ళు వచ్చాయి, జనం అక్కడక్కడా నవ్వారు. నేను రొట్టె తడుతూ ఆమెతో పాటు వాక్యాలు లెక్కపెట్టుకుంటున్నాను. ఆ పొడుగాటి మాట వచ్చింది.

ఆగింది.

స్పీకర్లో గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. పెనం మీద రొట్టె ఒకవైపు నల్లబడుతోంది, నా చెయ్యి దాని దగ్గరికి పోవడం లేదు. బట్టీ పట్టినవాళ్ళు ఇలా ఆగరు. చదివేవాళ్ళే ఆగుతారు, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. ముక్క ముక్కగా ఆ మాట బయటికొచ్చింది. మొదట్నుంచి మళ్ళీ ఒకసారి, ఈసారి అతుక్కుని. తర్వాత చివరి వాక్యం. చప్పట్లు కొట్టారు. ఎక్కువసేపేమీ కాదు, రాఫిల్ మిగిలి ఉంది.

మాడిన రొట్టె పక్కన పెట్టి కొత్తది వేశాను.

రెండున్నరకి పిండి అయిపోయింది. డెనీస్ వచ్చి నా చేతిలో ఒక సర్టిఫికెట్టు పెట్టింది. 'మన వారసత్వాన్ని సజీవంగా నిలుపుతున్నందుకు' అని అచ్చువేసి, పేరు కోసం గీత వదిలారు. నా పేరు ఎలా రాయాలని అడిగింది. నేనే రాస్తానని పెన్ను తీసుకుని సుంకమ్మ అని తెలుగులో రాశాను. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"ఎంత అందంగా ఉంది. మీ వైపు పాత లిపా ఇది?"

"పాతదే" అన్నాను. "నాకు మాత్రం కొత్త."

నేను ఇండియా మనిషినని చెప్పాల్సింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆమెని ఎవరో పిలిచారు, పరుగెత్తింది.

పార్కు చివర ఒక బెంచీ మీద ఓఫేలియా, ఎల్వీరమ్మ కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. నేను అక్కడ కూర్చోలేదు, పక్కన గట్టు మీద కూర్చున్నాను. నాలుగు గంటల బస్సుకి ఇంకా టైముంది.

"బాగానే అప్పజెప్పింది" అంది ఓఫేలియా నాతో.

"మధ్యలో ఆగింది కదమ్మా. అప్పజెప్పేవాళ్ళు ఆగరు."

ఆమె సంచీలో చెయ్యి పెట్టి వెతికి, మందుల సీసా ఒకటి తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. "అయితే ఇది చదువు. ఇది నీకు ఎవరూ నేర్పలేదు కదా."

ఎల్వీరమ్మ సీసా వెలుగుకి తిప్పి పట్టుకుంది. చాలాసేపు పట్టింది. "ఒకటి. రోజుకి ఒకటి. పొద్దున. తినడానికి ముందు."

"సరిగ్గా చూడు."

"పొద్దున. తినడానికి ముందు."

"రాత్రి కాదూ? తిన్నాక కాదూ?"

"కాదు."

ఓఫేలియా కళ్ళద్దాలు తీసి గౌనుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. సంచీలోంచి రెండో సీసా తీసింది. తర్వాత మూడోది. ఆ తర్వాత రబ్బరుబ్యాండు వేసిన కవర్ల కట్ట. ఒక్కటీ చింపలేదు.

"ఎప్పటి నుంచి?" అని ఎల్వీరమ్మ అడిగింది.

"కారు మెకానిక్ దగ్గర లేదు" అంది ఓఫేలియా. "అమ్మేశాను."

నేను పెట్టిన నమస్కారం ఆమె ఎందుకు అందుకోలేదో అప్పుడు తెలిసింది. ఎల్వీరమ్మ అక్క పక్కకి జరిగింది, మధ్యలో ఖాళీ పోయింది. నా వైపు చూసి, "కొమాద్రె, నువ్వు ఒక్కదానివే వెళ్ళగలవా?" అంది.

తలూపాను. ఈసారి ఎవరి చేతిలోనో కాగితం చూసి కాదు.

నాలుగు గంటల బస్సు, నాలుగూ యాభై రైలు. తిరుగు ప్రయాణంలో నీళ్ళు కుడివైపు వస్తాయి. బోగీలో నలుగురమే ఉన్నాం. స్టాక్‌టన్ దాటాక ఫోన్ మోగింది.

"మా, నీ ఫోటో వాళ్ళ పేజీలో పెట్టినారు చూసినావా?" అంది అనిత. "లోయలో హిస్పానిక్ అవ్వ చేతి రొట్టె అంట. నిత్య స్కూల్లో అందరికీ ఫార్వర్డ్ చేసింది. నువ్వు చెప్పల్ల కదా వాళ్ళకి."

"ఎల్వీరమ్మ ఫోటో ఉండాదా?"

"లేదు. నీవే నాలుగున్నాయి."

"రొట్టె బాగ కనపడతాందా?"

"నేనేం చెప్తాండా, నువ్వేం అడుగుతాండావ్?"

రిచ్‌మండ్ ఏడూ పావుకి రావాలి. ఏడింటి నుంచే తలుపు దగ్గర నిలబడ్డాను. పొద్దున ఎల్వీరమ్మ ఉందని ఏ బోర్డూ చూడలేదు. ఇప్పుడు వచ్చిన ప్రతి బోర్డూ చదివాను, నాకు అక్కర్లేనివి కూడా. దిగి, మెట్లు దిగి, ఫ్రీమాంట్ అని వెలుగుతున్న రైలు ఎక్కాను. ఓక్లాండ్‌లో ఏదో ఆట ముగిసి ఒకే రంగు చొక్కాల జనం విరుచుకుపడ్డారు. ఎక్కేటప్పుడు దొరికిన సీటు ఒక చంటిపిల్ల తల్లికి ఇచ్చి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

నా ఎదురుగా తలుపు పక్క సీటులో నలభై ఏళ్ళాయన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. "రిలీజ్ మండే అన్నారు మామా, డాక్యుమెంట్ మొత్తం చదివా, ఒక్క లైన్ కూడా వదల్లేదు." ఆయన తల వెనకాల ఒక కాగితం అంటించి ఉంది. మెల్లగా చదివాను. మళ్ళీ చదివాను, తప్పు చదివానేమోనని.

"నాయనా," అన్నాను. "నీ తల ఎనకాల ఏం రాసినారో ఒకసారి చూడు."

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. చదివి, ల్యాప్‌టాప్ మూసి లేచాడు. "సారీ ఆంటీ. రోజూ ఇక్కడే కూర్చుంటా. ఎప్పుడూ చూళ్ళేదు."

కూర్చున్నాను. సర్టిఫికెట్టు నలగకుండా ఒళ్ళో పెట్టుకున్నాను. హేవర్డ్ దగ్గర ఎల్వీరమ్మ నుంచి మెసేజి వచ్చింది. ఎప్పుడూ గొంతు రికార్డు చేసి పంపే మనిషి, ఇది చేత్తో కొట్టింది. తప్పులున్నాయి, నాకు తెలిసే తప్పులే. 'సీసాలు మూడు అయినవి. ఉత్తరాలు పదకొండు అయినవి. ఇంకా ఉన్నవి. గట్టిగా చదువు అంటుంది. గట్టిగా చదువుతున్నా. పక్కింటివాళ్ళు వింటున్నారు.'

జవాబు కొట్టడానికి నాకు యూనియన్ సిటీ దాకా పట్టింది. తల ఎత్తితే తర్వాతి స్టేషను ఫ్రీమాంట్.